కంప్యూటరు తెరపై అక్షరఫలకము: దాని తావు, దాని క్రమము

ప్రాచ్యకళాశాలలలో కంప్యూటరును గూర్చి జరుగు చర్చలు ప్రాయికముగా రెండు విషయముల చుట్టును తిరుగుచుండును. ఏ ఫాంటు చూపునకు ఇంపుగా నున్నది యనునది మొదటిది. ఏ పద్ధతిలో టైపుచేసినచో పని వేగముగా ముగియు ననునది రెండవది. వీనికంటె మౌలికమైన ప్రశ్న యొకటి చర్చకు రాకయే మిగిలిపోవుచున్నది. సంస్కృతమును తెలుగును వ్రాయువాని కన్నులయెదుట అక్షరములు ఏ క్రమమున నిలువవలెను? తెరమీద వానికి ఏ తావు నీయవలెను? ఇది సాంకేతికులు తేల్చుకొనవలసిన స్వల్పవిషయమని మనవారు తలంచుచున్నారు. కాని వర్ణముల క్రమవిచారము శిక్షాశాస్త్రమునకు చెందినది. కావున ఇందు మనము ముందుగా మాటాడుట ఉచితమని నా అభిప్రాయము.

ఇచ్చట అక్షరఫలకమనగా కంప్యూటరు తెరమీదనే కనబడు కీబోర్డు. దానిలోని గడిని మౌస్‌తో నొక్కినను, స్పర్శను గ్రహించు తెర యైనచో వ్రేలితో తాకినను, ఆ అక్షరము వ్రాతలో చేరును. విండోస్ 2000 నాటినుండి ఇట్టి ఫలకము ఆ వ్యవస్థతోపాటే వచ్చుచున్నది. చేతులతో మీటలను నొక్కజాలని వారికి సాయపడుట దాని ప్రథమప్రయోజనము. మన దేశమున దానికి మరియొక ప్రయోజనము ఏర్పడినది. మన బల్లలమీది కీబోర్డులపై అచ్చైయుండునవి ప్రాయికముగా ఇంగ్లీషు అక్షరములే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి మొదలుకొని ఆ వ్యవస్థలో తెలుగు వ్రాయుట సాధ్యమైనది. అయినను ఏ మీట వెనుక ఏ తెలుగక్షరము దాగియున్నదో బల్లమీది కీబోర్డు చెప్పదు. తెలుగు విన్యాసమును ఎన్నుకొని తెరమీది ఫలకమును తెరచినప్పుడు మాత్రమే ఆ గడులలో మన యక్షరములు దర్శనమిచ్చును.

అక్షరము కనబడుట, కనబడకుండుట అనునది పాఠశుద్ధికి సంబంధించిన విషయము. నేడు కంప్యూటరుపై సిద్ధమై వచ్చుచున్న సంస్కృతపాఠములను పరిశీలింపుడు. విసర్గ యుండవలసిన తావున ఇంగ్లీషు వ్రాతలోని రెండు చుక్కల విరామచిహ్నము తరచుగా కనబడును. "నమోఽస్తు" అనునది "నమో2స్తు" అని అంకెతో వ్రాయబడుచున్నది. శ్లోకాంతమున దండమునకు మారుగా గణితమున వాడు నిలువుగీత పడుచున్నది. అచ్చులో చదువువానికి ఇవి పెద్దదోషములుగా తోపకపోవచ్చును, కన్ను సర్దుకొనును. కంప్యూటరు సర్దుకొనదు. విసర్గకు ఒక సంకేతసంఖ్య, రెండు చుక్కలకు వేరొక సంఖ్య. "రామః" అను పదమును వెదకువానికి రెండు చుక్కలతో వ్రాసిన రూపము దొరకదు. పదసూచిని కూర్చునపుడు ఒకే పదము రెండుచోట్ల చేరును. పాఠాంతరములను యంత్రముచేత సరిపోల్చునపుడు ఇట్టివి యన్నియు పాఠభేదములుగానే లెక్కకు వచ్చును. ఇరువది ప్రతులను పరిశీలించి నిర్ణయించిన పాఠము చివరి మెట్టున ఈ విధముగా చెడుచున్నది.

ఈ దోషములను అజ్ఞానకృతములని త్రోసివేయరాదు. "నమో2స్తు" అని వ్రాసినవానికి అవగ్రహమన నేమో తెలియును. తెలిసినందుననే దానిని పోలిన గుర్తును వెదకి పెట్టినాడు. అతనికి దొరకనిది అవగ్రహపు మీట. ఇందుకు చారిత్రకకారణమును కలదు. యూనికోడు మొదటి కూర్పు 1991లో వెలువడగా, తెలుగులిపికి అవగ్రహము 2008లో, 5.1వ కూర్పునందు, చేరినది. దంత్యములైన ౘకార ౙకారములును ఆ సంవత్సరముననే చేరినవి. అంతకుముందు రూపొందిన విన్యాసములలో వీనికి తావు లేకుండుట సహజము. ఉదాత్తాదిస్వరచిహ్నములను విస్తరించు వైదికవిభాగము 2009లో 5.2వ కూర్పున వచ్చినది. సంకేతసంఖ్యలు లభించి సంవత్సరములు గడచినవి. అయినను లోకవ్యవహారమున అవగ్రహము 2 అంకెగానే చెల్లుచున్నది. సంఖ్య లభించుట యొకటి, వ్రాయువాని కన్నులకు గోచరించుట వేరొకటి. కనబడని యక్షరమునకు మారుగా దానిని పోలిన వేరొకటి వచ్చి చేరును. కావున సంస్కృతమును వ్రాయువానికి తెరమీది ఫలకము అలంకారప్రాయము కాదు, పాఠశుద్ధికి రక్షకము.

ఇట్లయినచో దానిని అందరును ఏల వాడరు? వాడినవారును కొలదిసేపటికే ఏల మూసివేయుదురు? అది నిలుచు తావే ఇందుకు ప్రధానకారణము. తెరచిన వెంటనే ఫలకము ఇతరవిండోల పైకి వచ్చి కూర్చుండును. వ్రాయుచున్న పంక్తియే దాని క్రింద పడి మరుగగును. దానిని ప్రక్కకు జరిపినచో మాతృకచిత్రము మరుగగును. శ్లోకమును వ్రాయువాడు రెండు పంక్తులకొకమారు ఫలకమును లాగుచు నుండవలెను. ఈ బాధను గుర్తించి కొన్ని ఉపాయములు కల్పించియున్నారు. విండోస్ ఫలకమునందు డాక్ అను మీట గలదు. దానిని నొక్కినచో ఫలకము తెర క్రిందిభాగమున కుదురుకొనును. లైనక్సు వ్యవస్థలలో వాడు ఆన్‌బోర్డు అను ఉపకరణమునందు ఫలకమును పై అంచునకు గాని క్రింది అంచునకు గాని అంటించి, మిగిలిన తావునే ఇతరవిండోలకు వదలునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఇది టాస్క్‌బార్ తనకై కొంత తావును ప్రత్యేకించుకొను పద్ధతివంటిదే. అతిథివలె వచ్చి అడ్డముగా కూర్చుండుట మాని, ఫలకము ఇంటివానివలె తన గదిలో తానుండుట ఇందలి మేలు.

ఇంకొక నియమమును గలదు. ఫలకముమీది గడిని నొక్కినపుడు వ్రాతలోని కర్సరు తన తావునుండి కదలరాదు. కంప్యూటరు ఒకానొక సమయమున ఒకే విండోను ఎదుట నిలుపుకొని, నొక్కిన అక్షరములను దానికే చేర్చును. ఫలకమే ఆ స్థానము నాక్రమించినచో అక్షరములు చేరవలసిన చోటికి చేరవు. మంచి ఫలకము తాను నొక్కబడియు, దృష్టిని తనవైపునకు త్రిప్పుకొనక, వ్రాతయందే నిలుపును. తెరమీది ఫలకముల నిర్మాణమున ఇది మొదటి ధర్మము. స్వంతముగా ఫలకములను నిర్మింపించుకొనువారు దీనిని ముందుగా పరీక్షింపవలెను.

అయినను క్రింది అంచున కుదిర్చినంతమాత్రమున సమస్య తీరదు. నేటి తెరలు అడ్డముగా విశాలములు, నిలువున కురుచలు. సామాన్యమైన చిన్న కంప్యూటరు తెర 1366 పిక్సెళ్ల వెడల్పు, 768 పిక్సెళ్ల ఎత్తు గలది. క్రిందిభాగమున మూడవవంతును ఫలకమునకు ఇచ్చినచో 256 పోయి 512 మిగులును. అందు టాస్క్‌బారును, వ్రాతవిండో పైనుండు పనిముట్ల వరుసలును పోగా వ్రాతకు 400 కంటె తక్కువయే దక్కును. మన పుటలు నిలువైనవి. మూలము, దానిక్రింద వ్యాఖ్య, దానిక్రింద పాఠాంతరములు గల పుటను అంతలో చూచుట దుర్లభము. ఎత్తు కొరతగా నున్న తెరలో ఎత్తునే కోసి ఫలకమునకిచ్చుట, నీరు తక్కువైన మడి గట్టునే తెగగొట్టుట వంటిది.

ఫలకము ఇట్లు అడ్డముగా సాగియుండుటకు కారణమేమి? అది బల్లమీది కీబోర్డునకు చిత్రము. బల్లమీది కీబోర్డు 1874లో అమెరికాలో విపణికి వచ్చిన షోల్స్, గ్లిడెన్‌ల టైపుమిషను సంతతిలోనిది. రెండు చేతులను ప్రక్కప్రక్కన నుంచి వ్రేళ్లతో నొక్కుటకు అనుకూలముగా మీటలు వరుసకు పదికి తక్కువ గాకుండ అడ్డముగా పరచబడినవి. చేతులున్న చోట ఆ రూపము యుక్తమే. తెరమీద చేతులు లేవు. అచ్చట తిరుగునది ఒక్క బాణపుగుర్తు, లేదా ఒక్క వ్రేలు. దానికి పది మీటల వెడల్పుతో పనిలేదు. కారణము తొలగినను రూపము మాత్రము నిలిచిపోయినది.

మన ఇన్‌స్క్రిప్టు విన్యాసమును ఇచ్చట గౌరవముతో స్మరింపవలెను. 1986లో భారతప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ దీనిని ప్రమాణీకరించినది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లు ఇది కూర్చబడినది. మధ్యవరుసలో ప, క, త, చ, ట అను వర్గప్రథమాక్షరములుండగా, వాని కెగువ మీటలలో క్రమముగా బ, గ, ద, జ, డ అను తృతీయాక్షరములున్నవి. షిఫ్ట్ మీటతో వానివాని మహాప్రాణములు వచ్చును. అన్ని భారతీయలిపులకును ఇదే క్రమము. శిక్షాశాస్త్రము తెలిసినవారి ఆలోచన ఇందు స్పష్టముగా కనబడుచున్నది. కాని ఇంగ్లీషు మీటల చట్రములో ఇమిడించుటచేత పంచమవర్ణములు చెదరిపోయినవి. ఙకారము హకారముతో, ణకారము మకారముతో ఒక్కొక్క మీటను పంచుకొన్నవి. ఞకారము దూరమున ఒక మూలకు చేరినది. వ్రేళ్లకు అలవాటైనవానికి ఇది బాధ గాదు. వెదకి నొక్కువానికి మాత్రము ఇది ప్రతిమారును అన్వేషణమే.

వెదకి నొక్కువాని కొరకు వేరొక రూపము కావలెను. ఆ రూపము మనకు క్రొత్తది గాదు. స్పర్శవర్ణములు ఐదు వరుసలు, ఐదు నిలువులుగా నిలుచునని వర్ణమాలను నేర్చిన ప్రతి బాలునకును తెలియును. అడ్డవరుస ఉచ్చారణస్థానమును తెలుపును. నిలువువరుస అల్పప్రాణ మహాప్రాణాదిభేదమును, అనునాసికత్వమును తెలుపును. స్థానప్రయత్నములు రెండును తెలిసినవానికి గడి దానంతట తెలియును. ధకారము ఎక్కడ నున్నదని వెదకనక్కరలేదు, దంత్యవర్గమున నాలవది. కావున అక్షరఫలకము ఐదుగడుల వెడల్పుతో నిలువుగా నుండవలెననియు, తెర ప్రక్కఅంచున నిలువవలెననియు నా ప్రతిపాదనము.

దాని కూర్పు నిట్లు చేయవచ్చును. మొదటివరుస అ ఇ ఉ ఋ ఌ. రెండవవరుస వాని దీర్ఘములు: ఆ ఈ ఊ ౠ ౡ. ఌవర్ణమునకు దీర్ఘము లేదని వైయాకరణుల మతము. అయినను తంత్రగ్రంథములలో మాతృకావర్ణములను వ్రాయునపుడు ౡకారముతో పని గలదు గాన దానికిని గడి కావలెను. మూడవవరుస ఎ ఏ ఐ, పిదప సున్న, విసర్గ. నాలవవరుస ఒ ఓ ఔ, పిదప అరసున్న, అవగ్రహము. ఐదునుండి తొమ్మిదివరకు ఐదు వర్గములు. పదవది య ర ల వ ళ. పదునొకండవది శ ష స హ ఱ. పండ్రెండవది పొల్లు, ౘ, ౙ, ఏకదండము, ద్విదండము. క్షకారము సంయుక్తము గాన దానికి వేరుగడి అక్కరలేదు. పండ్రెండు వరుసలలో అరువది గడులు ఒక్కటియు వృథాకాకుండ నిండినవి. సున్నప్రక్కనే విసర్గయు, అరసున్నప్రక్కనే అవగ్రహమును కనబడుచుండగా రెండుచుక్కలకును 2 అంకెకును ఎవడును పోడు. స్వరచిహ్నములతో పనిగల వైదికులకై ఇదే ఫలకమునకు రెండవపుట నేర్పరుపవచ్చును.

ఇది తెరలో పట్టునా యని లెక్కించి చూతము. గడికి 56 పిక్సెళ్లచొప్పున ఐదు గడులకు 280 వెడల్పు కావలెను. 768 ఎత్తుగల తెరలో ఎ4 కాగితపు ఆకృతిగల పుటను పూర్తిగా చూపుటకు 543 వెడల్పు పట్టును. మాతృకచిత్రము ఒక పుట, మన వ్రాత ఒక పుట; రెండింటికి 1086. 1366లో అది పోగా మిగులునది సరిగా 280. ఎత్తున పండ్రెండు గడులకు 672. దానిక్రింద ఖాళీ, చెరుపు, పంక్తిమార్పు అను మూడింటికి ఒకవరుస 56 ఐనచో మొత్తము 728. ఇంకను 40 మిగులును; అది టాస్క్‌బారునకు చాలును. పెద్ద తెరలలో, అనగా 1920కి 1080 గల వానిలో, రెండుపుటలకు 1528 పోగా 392 మిగులును గనుక గడులను ఇంకను పెద్దవిగా చేయవచ్చును. దృష్టిమాంద్యము గలవారికి అది ఉపకారము. తాటియాకు ప్రతులు అడ్డముగా పొడవైనవి. అట్టివానిని చూచునపుడు ఆకును తెర పైభాగమున పరచి, దానిక్రింద వ్రాతను, ప్రక్కన ఫలకమును నిలుపవచ్చును. ఫలకము క్రింది అంచున నున్నచో ఆకు, వ్రాత, ఫలకము మూడును అడ్డపట్టీలై ఒకదానినొకటి నలుపును.

బాణపుగుర్తు తిరుగు దూరమును గూడ లెక్కింపవలెను. గురి ఎంత దూరమో, ఎంత చిన్నదో, దానిని చేరుటకు అంత కాలము పట్టునని 1954లో పాల్ ఫిట్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు సూత్రీకరించెను. తెర వెడల్పెల్ల వ్యాపించి మూడవవంతు ఎత్తుగల అడ్డఫలకమున మూలనుండి ఎదురుమూలకు సుమారు 1390 పిక్సెళ్ల దూరము. నేను చెప్పిన నిలువుఫలకమున అరువది గడులలో మూలనుండి మూలకు 728. దూరము ఇంచుమించు సగమైనది. దీనికి తోడు అన్వేషణకాలము తగ్గుట వేరొక లాభము.

వర్ణక్రమమును ప్రయోజనమునుబట్టి మార్చుట శాస్త్రవిరుద్ధము గాదా యని కొందరు శంకింపవచ్చును. ప్రమాణవిన్యాసమొకటి యుండగా వేరొకటి ఏల యని మరికొందరు అడుగవచ్చును. ఇరువురకును పాణినీయమే సమాధానము. మాహేశ్వరసూత్రములు పదునాలుగింటియందు వర్ణములు లోకప్రసిద్ధమైన వర్ణమాలాక్రమమున లేవు. ప్రత్యాహారములను సిద్ధింపజేయుట అచ్చటి ప్రయోజనము గనుక వర్గములు విడగొట్టబడి, పంచమవర్ణములు ఒకచోట చేర్పబడినవి. హకారము ప్రయోజనవశమున రెండుమారులు పఠింపబడినది. బాలురకు అక్షరాభ్యాసము చేయించునపుడు మాత్రము ఆ క్రమమును ఎవరును వాడరు. ఒకే వర్ణసముదాయమునకు వ్యాకరణమున నొక క్రమము, అక్షరాభ్యాసమున నొక క్రమము చెల్లినట్లే, వ్రేళ్లకు ఇన్‌స్క్రిప్టు క్రమము, కన్నులకు వర్ణమాలాక్రమము చెల్లును. ఒకటి రెండవదానికి బాధకము గాదు. నిత్యము టైపుచేయు విద్యార్థి ఇన్‌స్క్రిప్టును నేర్చుట మేలు. అతడును అవగ్రహ ౠకారాదులు వచ్చినపుడు ప్రక్కనున్న ఫలకమును నొక్కి, మరల చేతిమీటలకు పోవచ్చును.

ఫలకము పనిచేయు తీరునందును శాస్త్రదృష్టి అవసరము. అక్షరములు ఉచ్చారణక్రమముననే చేరవలెను. యూనికోడు ఈ నియమమునే పాటించుచున్నది. చిహ్నము కంటికి ముందు కనబడినను వెనుక కనబడినను, హల్లు ముందు, అచ్చుగుర్తు తరువాత నిలువయగును. కావున అచ్చునకును దాని గుణింతపుగుర్తునకును వేర్వేరు గడులు అక్కరలేదు. హల్లు తరువాత ఇకారమును నొక్కినచో గుడి చేరవలెను. పదాదియందు నొక్కినచో ఇకారము స్వతంత్రముగా నిలువవలెను. కాని ఇందొక చిక్కు గలదు. జల్లెడకు సంస్కృతమున "తితఉ" అని పేరు. ఇందు తకారముమీది అకారము తరువాత సంధి లేక ఉకారము నిలిచినది. "ప్రఉగ" అను వైదికపదమును ఇట్టిదే. గుడ్డిగా నియమమును పాటించు ఫలకము వీనిని "తితు", "ప్రుగ" అని మార్చివేయును. హల్లు తరువాత అకారమును విడిగా నొక్కినచో ఆ యక్షరము ముగిసినట్లు గ్రహించి, తరువాతి అచ్చును స్వతంత్రముగా నిలుపునట్లు చేసినచో ఈ దోషము తొలగును. సంయుక్తాక్షరములకు పొల్లు మాటిమాటికి కావలసివచ్చును. మౌస్ ఎడమమీటతో నొక్కినచో అకారాంతమైన హల్లును, కుడిమీటతో నొక్కినచో పొల్లుతోకూడిన హల్లును చేరునట్లు చేయుట సులభోపాయము. "స్త" వ్రాయుటకు సకారముపై కుడిమీట, తకారముపై ఎడమమీట చాలును. ఇట్టి సూక్ష్మములు వ్యాకరణము తెలిసినవాడు ప్రక్కన నుండి చెప్పినగాని సాంకేతికునకు తట్టవు.

లిపిభేదమును గూడ ఇదే ఫలకము భరింపగలదు. యూనికోడునందు భారతీయలిపుల యక్షరములు సమాంతరముగా కూర్పబడినవి. దేవనాగరి కకారము సంఖ్య 0915 కాగా తెలుగు కకారము సంఖ్య 0సి15. తుది రెండంకెలు ఒక్కటే. సంస్కృతమునకు కావలసిన వర్ణములన్నిటియందును ప్రాయికముగా ఇట్టి సామ్యమే గలదు. కావున ఒక్క గడిని నొక్కి ఫలకమును తెలుగునుండి దేవనాగరికి మార్చుకొనవచ్చును; అక్షరముల తావులు మారవు. తెలుగులిపిలోనున్న సంస్కృతప్రతిని చూచి నాగరిలో సంస్కరించువారికి ఇది మిక్కిలి ఉపయుక్తము.

రోమను లిపిద్వారా వ్రాయుపద్ధతి యుండగా ఇంత శ్రమ ఏల యను వారికి ఒకమాట చెప్పవలసియున్నది. ఆ పద్ధతి వేగమైనదే. 2019లో విండోస్‌లో తెలుగునకు అట్టి ధ్వన్యనుసారి కీబోర్డు గూడ చేరినది. ఇంగ్లీషు టైపు వచ్చినవారు దానిని వాడుకొందురు గాక. అక్షరశిక్షకు మాత్రము దానిని ప్రవేశపెట్టరాదు. పలు రోమను పద్ధతులలో తకారమునకు చిన్న టీ, టకారమునకు పెద్ద టీ. విద్యార్థి మనసున టకారము తకారమునకు పెద్దరూపమను భావము నాటుకొనును. మూర్ధన్యదంత్యభేదము స్థానభేదమని నేర్పవలసిన మనము దానిని పరిమాణభేదముగా నేర్పుచున్నాము. ఖకారము కకార హకారముల కలయిక యనునది రెండవభ్రాంతి. ప్రాచ్యకళాశాలలో చదివి, శషసలను వ్రాతలో వేరుచేయలేని విద్యార్థి ఏర్పడుచున్నాడని విలపించువారు, అతడు ఏ మార్గమున అక్షరములను చేరుచున్నాడో ఒక్కమారు చూడవలెను. సెల్‌ఫోనులలో కొన్ని తెలుగు ఫలకములు వర్ణమాలాక్రమమునే అనుసరించుచున్నవి. చేతిలోని చిన్నతెరలో సాధ్యమైనది బల్లమీది పెద్దతెరలో అసాధ్యము గాదు.

మౌస్‌తో ఒక్కొక్క యక్షరమును నొక్కుట మందగమనమని చెప్పుదురు. నిజమే. నవలను వ్రాయువానికి ఇది తగదు. కాని ప్రతిని చదివి సంస్కరించువాని వేగమును నిర్ణయించునది వ్రేలు గాదు. శిథిలమైన యాకుపై నున్నది థకారమా ధకారమా యని నిశ్చయించుటకు పట్టుకాలముతో పోల్చినచో గడిని నొక్కుకాలము లెక్కకు రాదు.

ఈ చర్చకు గల అసలు ప్రయోజనము ఇచ్చటనే యున్నది. తాళపత్రలిపిని ధారాళముగా చదువగలవారు తగ్గిపోవుచున్నారు. ఉన్నవారిలో పలువురు నావలె డెబ్బది దాటినవారు. వారికి వ్రేళ్లతో మీటలను అలవరచుకొను వయసు గడచినది. వర్ణమాల మాత్రము ఏ వయసునకును మరపునకు రాదు. టైపు చేయగలవారికి ప్రాయికముగా ప్రాచీనలిపి రాదు. ఈ యిరువురి నడుమ కాగితము తిరుగుచున్నది. పండితుడు చేతితో వ్రాసి యిచ్చును. ఆపరేటరు తనకు తోచినట్లు కొట్టి యిచ్చును. ప్రూఫులు మూడుమారులు దిద్దినను క్రొత్తదోషములు పుట్టుచుండును. సి.పి. బ్రౌను (1798–1884) కడపలో పండితులను లేఖకులను వేర్వేరుగా నియమించి పాఠములను సరిపోల్పించి శుద్ధప్రతులను వ్రాయించెను. కాని నాటి లేఖకునకు అక్షరము వచ్చును. వాని చేతిలోని గంటము అక్షరక్రమమును మార్చమని వానిని నిర్బంధింపలేదు. 2003లో ఏర్పడిన జాతీయ వ్రాతప్రతుల మిషన్ కృషివలన ప్రతుల పట్టికలును చిత్రములును విస్తారముగా సిద్ధమైనవి. చిత్రము రక్షణమునకు చాలును, అధ్యయనమునకు చాలదు. దానిని వెదకుటకు వీలైన అక్షరపాఠముగా మార్చువాడు కావలెను. చదువగలవాడే స్వయముగా వ్రాయగలిగినచో నడిమిమెట్టు తొలగును. దానితోపాటు నడిమిదోషములును తొలగును. అట్టివాని జీవితకాలమున మిగిలిన సంవత్సరములు పరిమితములు. ఫలకము అతనికి అందుబాటులోనికి వచ్చునాటికి అతడు ఉండవలెను గదా!

కావున ప్రాచ్యకళాశాలలు మూడు పనులు చేయవలెనని విన్నవించుచున్నాను. మొదటిది: ప్రతి కంప్యూటరునందును అక్షరఫలకమును తెరపై స్థిరముగా నిలుపుట. విండోస్‌లో కంట్రోల్, విండోస్ మీటలను ఓ అక్షరముతో కలిపి నొక్కినచో ఉన్న ఫలకము వచ్చును. ఈ చిన్నవిషయమైనను అధ్యాపకులకు తెలుపవలెను. రెండవది: వర్ణమాలాక్రమమున నిలువుఫలకమును నిర్మింపించుట. కీమాన్ వంటి ఉపకరణములలో స్వంతవిన్యాసములను రచించుకొను సదుపాయము గలదు. కళాశాల కొక వైయాకరణుడు, ఒక సాంకేతికుడు కలసి కూర్చున్నచో ఇది అసాధ్యకార్యము గాదు. నేను పైన చెప్పిన గడుల కూర్పును వారు మార్చుకొనవచ్చును. ఐదుగడుల వెడల్పును, ప్రక్కతావును, కర్సరును కదల్పని ధర్మమును మాత్రము విడువరాదు. మూడవది: వ్యాసములను పంపువారు విసర్గకు విసర్గను, అవగ్రహమునకు అవగ్రహమును, దండమునకు దండమునే వాడవలెనని పరిశోధనపత్రికల సంపాదకులు నియమము చేయుట. నియమముతోపాటు సాధనమును ఈయనిచో అది దండన యగును. సాధనమును ఇచ్చి నియమించినచో శిక్షణ మగును.

బల్లపై ఇసుకపోసి గురువు వ్రేలుపట్టి దిద్దించిన అక్షరములు క్రమముతోనే మనకు చేరినవి. అవి తెరమీదికి వచ్చునపుడు ఇతరుల మీటల సందులలో తలదాచుకొనక, తమ క్రమముతో తమ తావున నిలుచునట్లు చూచుట వర్ణములను బోధించి జీవించుచున్న మన కర్తవ్యము.